పాత రివాల్వరు: గురియు, నమ్మికయు

ఆయుధమును చేతబట్టిన ప్రతివాని మనస్సులోను రెండు ప్రశ్నలు పుట్టును. ఇది తగులునా యనునది మొదటిది. ఇది పేలునా యనునది రెండవది. ఈ రెండును ఒకే ప్రశ్న యని మనలో పెక్కుమంది తలంతురు. గురి కుదిరిన తుపాకి నమ్మదగినదనియు, నమ్మదగిన తుపాకి గురి తప్పదనియు, పాతబడినదానికి రెండును లేవనియు ననుకొనుట సులభము. కాని నల్లమందనెడి పాతకాలపు తుపాకిమందుతో కాల్చెడి పందొమ్మిదవ శతాబ్దపు రివాల్వరును గూర్చి చదువుచు, తెలిసినవారి నడుగుచు, అద్దపుపెట్టెలలో నిలిపిన వానిని నిలిచి నిలిచి చూచుచు వచ్చిన నాకు ఈ రెండు ప్రశ్నలకును రెండు వేఱువేఱు తావులలో సమాధానములు దొరకినవి. గురి యినుములో నున్నది. నమ్మిక దానిని సిద్ధపఱచిన మనుష్యుని యోర్పులోను, ఆనాటి గాలిలోను నున్నది. ఈ భేదమును గుర్తింపనందుననే పాత రివాల్వరును కొందఱు పనికిమాలిన తుక్కని త్రోసివేయుచున్నారు, మఱికొందఱు అమోఘాస్త్రమని పొగడుచున్నారు. ఇరువురును దానికి అన్యాయమే చేయుచున్నారని నా యభిప్రాయము.

మా తోట్లవల్లూరు కృష్ణ యెడమగట్టున, కరకట్ట చెంత నున్నది. అరటియు, పసుపును, చెఱకును, కందయు పండెడి యీ నేలమీద నిలిచి రివాల్వరు మాట యెత్తుట యేల యని పాఠకు లడుగవచ్చును. ఈ సీమకు పంటకాలువ లిచ్చిన బెజవాడ ఆనకట్ట, కాప్టెను ఛార్లెస్ ఆర్ పర్యవేక్షణమున, రాయిపై రాయి పేర్చుకొనుచు లేచినది 1852 నుండి 1855 వఱకు. సరిగా ఆ సంవత్సరములలోనే లండనులో థేమ్సు నది యొడ్డున శామ్యూల్ కోల్టు అను అమెరికావాడు కర్మాగారము తెఱచి, వేలకొలది రివాల్వరులను యంత్రములపై చేయించుచుండెను. 1836 లో అతడు అమెరికాలో హక్కుపత్రము పొందిన తిరుగుడు తుపాకి, పదునైదేండ్ల మార్పుల పిమ్మట, 1851 నాటి నేవీ నమూనాలో కుదుటబడినది. ఆ యేటనే లండను మహాప్రదర్శనమున కోల్టు రివాల్వరును, దానికి పోటీగా రాబర్టు ఆడమ్సు అను ఆంగ్లేయుడు చేసిన రివాల్వరును లోకము చూచినది. అచ్చటినుండి సైనికుల నడుములకు వ్రేలాడుచు అవి సముద్రము దాటి మన దేశమునకు వచ్చినవి. నదికి అడ్డకట్ట వేసిన యుగమును, ఆఱు గుండ్లను ఒక పిడికిటిలో నిమిడ్చిన యుగమును ఒక్కటే. ఒకే పరిపాలనము రెంటిని తెచ్చినది. కాబట్టి ఈ యాయుధము మన చరిత్రకు పరాయిది కాదు.

దానిని నింపు విధమును కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఏలయన తక్కిన విచారమంతయు దానిపై నాధారపడియున్నది. నేటి తూటా వంటిది ఈ రివాల్వరులకు లేదు. కోల్టు నేవీ సిలిండరులో ఆఱు అరలుండును. ఒక్కొక్క అరలో ముందుగా కొలత ప్రకారము తుపాకిమందు పోయుదురు. దానిమీద, అర నోటికంటె ఒక వెండ్రుకవాసి పెద్దదిగా పోతపోసిన సీసపుగుండు నుంచి, గొట్టము క్రింద నమర్చిన కమ్మిని క్రిందికి లాగి దట్టింతురు. దట్టించునపుడు గుండు చుట్టును సన్నని సీసపుటుంగరము చెక్కుకొని బయటికి వచ్చును. ఆ యుంగరము తెగకుండ పూర్తిగా వచ్చినచో గుండు అర గోడలకు సందు లేకుండ బిగిసినదని తెలియవలెను. ఆపైని కొవ్వో మైనమో పూసి అర నోరు మూయుదురు. సిలిండరు వెనుకవైపున అర కొక్కటి చొప్పున సూక్ష్మరంధ్రముగల మొనలుండును. వానికి రాగిటోపీలు తొడుగుదురు. టోపిలో నుండునది దెబ్బ తగిలినంతనే భగ్గుమను వేఱొక మందు. సుత్తి టోపిని కొట్టగా పుట్టిన నిప్పు ఆ సన్నని రంధ్రముగుండ లోపలికి ప్రాకి అరలోని మందును రగుల్చును. ఒక గుండు కిన్ని పనులు. ఆఱు గుండ్లకు ఆఱింతలు. తొందర లేని చేతికి సైతము నిమిషములు పట్టెడి పని యిది. పోరు నడుమ మరల నింపుకొనుట దాదాపు అసాధ్యము. అందుచేతనే కలిగినవారు రెండేసి రివాల్వరులు తగిలించుకొని తిరిగిరి.

ఈ వర్ణనమునుండి ఒక సంగతి తేటపడుచున్నది. ఆఱు గుండ్ల రివాల్వరనగా నిజమునకు ఒకే గొట్టమును పంచుకొను ఆఱు తుపాకులు. ఒక్కొక్క అరలోని మందు వేఱు, గుండు వేఱు, టోపి వేఱు, దట్టించిననాటి చేతి బరువు వేఱు. మూడవ యర పేలినంతమాత్రమున నాల్గవది పేలితీరవలెనని నియమము లేదు. నేటి తూటాలను కర్మాగారము వేలకొలదిగా ఒకే తీరున చేయును. తుపాకి పట్టినవాడు ఆ కర్మాగారమును నమ్మును. పాత రివాల్వరును పట్టినవాడు నమ్మవలసినది తన్ను తాను, అంతకుముందు గంటలో తాను చేసిన పనిని.

ఇక గురి మాట. పందొమ్మిదవ శతాబ్దపు కథలలో అద్భుతముగా చెప్పబడునది 1865 జూలై 21 న అమెరికాలో, మిస్సోరీ రాష్ట్రపు స్ప్రింగ్‌ఫీల్డు పట్టణపు చౌకులో జరిగిన ద్వంద్వయుద్ధము. వైల్డ్ బిల్ అను మాఱుపేరుతో ప్రసిద్ధుడైన జేమ్సు హికాకు, కోల్టు నేవీ రివాల్వరుతో, సుమారు 75 గజముల దూరమున నిలిచిన డేవిస్ టట్ అనువానిని ఒక్క గుండుతో కూల్చెను. ఇది సత్యమే యైనను ఒక్క గుండు దేనికిని ప్రమాణము కాజాలదు. అదృష్టము కూడ ఒక్కొకప్పుడు గురి చూడగలదు. నాకు దీనికంటె గట్టి సాక్ష్యముగా తోచునది నేటికిని యూరపులో జరుగుచున్న పోటీలు. 1971 లో నెలకొన్న ఎం.ఎల్.ఎ.ఐ.సి. యను అంతర్జాతీయసంఘము నల్లమందు తుపాకులకు పందెములు పెట్టుచున్నది. అందు నూటయేబదియేండ్లకు పైబడిన అసలు పాత రివాల్వరులకు ప్రత్యేకమైన తరగతి కలదు. 25 మీటర్ల దూరమున లక్ష్యము. నడిమి వలయము వెడల్పు ఐదు సెంటీమీటర్లు. ముప్పది నిమిషముల వ్యవధిలో పదుమూడు గుండ్లు కాల్చి, వానిలో మేలైన పదింటిని లెక్కింతురు. నూటికి తొంబదికి మించిన యంకెలు అక్కడ వింత గావు. ముత్తాతల నాటి యినుము, ఒక చేతితో చాచి పట్టిన యినుము, ఆ దూరమున అఱచేతిమేర చోటిలో పదిగుండ్లు పెట్టుచుండగా దానిని గురి లేనిదని యెవ రనగలరు?

దానికి కారణము కూడ దాని నిర్మాణములోనే యున్నది. చేతితో దట్టించిన మెత్తని సీసపుగుండు అరను పూర్తిగా నింపును. పేలినంతనే గొట్టము లోపలి మెలికగాడులలో కఱచుకొని తిరుగుచు పోవును. మందును కొలిచి పోసినవాడు తన తుపాకికి నచ్చిన కొలతను తానే కనిపెట్టుకొనవచ్చును. కొన్ని తుపాకులు నిండుమందుకంటె తక్కువ మందుతో చక్కగా కాల్చును. అయితే కోల్టు నేవీకి ఒక స్వభావము కలదు. దాని వెనుకచూపు సుత్తి తలపై చెక్కిన చిన్నగాడి మాత్రమే; సుత్తి నెక్కుపెట్టిన తరువాతగాని అది కంటికి దొరకదు. దూరపు గురికై అమర్చినది గనుక దగ్గఱి లక్ష్యమును కొట్టునపుడు గుండు పైకి పోవును. దీనిని దోషమని కొందఱు వ్రాసిరి. నేను ఒప్పుకొనజాలను. ఎప్పుడును ఒకే దిక్కునకు, ఒకే కొలతలో తప్పెడి ఆయుధము నిజమునకు తప్పుట లేదు. దానిని తెలిసికొన్నవాడు క్రిందికి చూచి కొట్టును. భయపడవలసినది నియమము లేని తప్పునకు. సిలిండరును తావున నిలుపు చిన్నగొళ్ళెము అరిగిపోయినచో అరయు గొట్టమును ఒక రేఖలో నిలువవు. అప్పుడు గుండు గొట్టపు టంచును గీచుకొని సీసపుతునుకలను ప్రక్కలకు చిమ్మును. ఒక అర కుడికి కొట్టును, ఇంకొకటి యెడమకు కొట్టును. అట్టిదానికి ఎంతటి నేర్పరియు మందు చెప్పలేడు.

ఇప్పుడు రెండవ ప్రశ్న, పేలునా యనునది. ఇక్కడ మా దేశపు గాలి మాటాడవలసియున్నది.

మా చిన్ననాడు ఈ యూళ్ళలో దీపావళిమందులు ఇండ్లలోనే నూఱెడివారు. సూరేకారము, గంధకము, బొగ్గు: చిచ్చుబుడ్డికైనను, జువ్వకైనను, తుపాకికైనను మూలద్రవ్యము లివియే. తుపాకిమందులో నూటికి 75 పాళ్ళు సూరేకారము, 15 బొగ్గు, 10 గంధకము. బొగ్గు ఏ కట్టెదైనను సరిపోదు. తేలికయై, త్వరగా రగులుకొనునదై యుండవలెను. మన చేలలో పెరుగు కందికట్టె బొగ్గును బంగాళములోని ఇషాపూరు సర్కారు మందుకర్మాగారమువారు సైతము వాడిరి. అయితే దీపావళి వచ్చునది ఆశ్వయుజమాసాంతమున. అప్పుడు ఈశాన్యపు వానలు మొదలిడును, బంగాళాఖాతమున వాయుగుండములు లేచును, గోడలు చెమ్మగిల్లును. నూఱిన మందును చాపలపై పఱచి, మబ్బు కమ్మినంతనే లోపలికి మోసి, ఎండ తొంగిచూచినంతనే మరల బయటికి తెచ్చుట ఇంటిల్లిపాదికిని పని. ఒకే దినమున, ఒకే చేయి కూరిన రెండు చిచ్చుబుడ్లలో ఒకటి చూరు దాటి పూలు వెదచల్లుటయు, ఇంకొకటి బుసకొట్టి పొగ చిమ్మి ఆరిపోవుటయు మేము ప్రతి యేటను చూచెడివారము. తెలిసిన పెద్దలు దానికి కారణము సూరేకారము నంటియున్న ఉప్పేయని చెప్పెడివారు. శుద్ధమైన సూరేకారము చెమ్మను అంతగా పీల్చదు. నేలమట్టినుండి తీసి సరిగా శుద్ధిచేయనిదానిలో ఉప్పులు మిగిలియుండును, గాలిలోని తేమను అవి లాగుకొనును. నీట కరగించి, కాచి, చల్లార్చి, పలుకులు కట్టించి తీసిన సూరేకారముతో నూఱిన మందు వానకాలమునను మాట తప్పలేదు. నల్లమందు నమ్మికను గూర్చి ఏ గ్రంథము చదివినను నాకు ముందుగా గుర్తుకు వచ్చునది ఆ చాపలును, ఆ మబ్బులునే.

రివాల్వరులో ఈ చిక్కు ఇంకను పెరుగును. నల్లమందు కాలినపుడు దానిలో సగమునకు మించిన భాగము వాయువుగా మాఱదు. దట్టమైన తెల్లని పొగయై లేచును, మసియై ఇనుమున కంటుకొనును. సిలిండరు తిరుగు ఇరుసుమీద ఆ మసి పేరుకొని, కొన్ని సిలిండరులు కాల్చుసరికి తిరుగుట బరువగును, పిమ్మట నిలిచిపోవును. ఎండిన సీమలలో మసి బిరుసెక్కి పట్టివేయును. మా వంటి తేమసీమలో మెత్తబడియుండును గాని అంతకంటె పెద్ద కీడు చేయును: చెమ్మను పీల్చుకొని ఇనుమును తినివేయును. కాల్చిన రాత్రియే వేడినీటితో కడిగి, తుడిచి, ఆఱబెట్టి, నూనె పూయనిచో తెల్లవాఱుసరికి తుప్పు కనబడును. బందరు ఉప్పుగాలిలో తెల్లవాఱువఱకు కూడ ఆగనక్కఱలేదు.

టోపీల సంగతి వేఱొకటి. పేలిన రాగిటోపి చీలి, ఆ తునుక సుత్తి వెనుకటి సందులో పడి యంత్రమును పట్టివేయుట కోల్టు రివాల్వరులకు అలవాటు. అందుచేత అనుభవజ్ఞులు సుత్తి నెక్కుపెట్టునపుడు గొట్టమును ఆకాశమువైపు ఎత్తుదురు. చీలిన తునుక ప్రక్కకు రాలిపోవును. అన్నిటికంటె భయంకరమైనది ఒక అర నిప్పు పొరుగు అరల కంటుకొని, ఒకటి కాల్చబోగా రెండు మూడు ఒకేమాఱు పేలుట. గొట్టమునకు ఎదురుగా లేని అర పేలినచో ఆ గుండు పోవునది ప్రక్కకు. పట్టుకొన్న చేయి యేమగునో చెప్పనక్కఱలేదు. దీనికి కారణములు వదులైన గుండు, వదులైన టోపి. అనగా తెగిన సీసపుటుంగరమును చూచియు చూడనట్లు పోనిచ్చిన ఆ ఒక్క క్షణము. ఇనుము చేసినవాని దోషములును లేకపోలేదు. 1847 లో కోల్టు చేసిన వాకర్ రివాల్వరు రెండు కిలోగ్రాముల బరువుండి, అరకు 60 గ్రెయినుల మందు పట్టించుకొని, కొన్నిటి సిలిండరులే పగిలెను. కాని తక్కిన నమూనాలలో తప్పిన గుండ్ల లెక్క తీసినచో, వానిలో అధికభాగము నింపినవాని తొందరకును, తుడువనివాని బద్ధకమునకును చెందునని నేను నిస్సంశయముగా చెప్పగలను. హికాకు దినదినమును పాతమందును కాల్చివేసి, అరలు తుడిచి, క్రొత్తగా నింపుకొనెడివాడని చెప్పుదురు. అతని గురి వెనుక ఆ ప్రభాతకృత్యమున్నది.

మందును నమ్ముట యెంత కష్టమో, అది పేలకముందే మనుష్యుల నెట్లు ఆడించునో తెలిసికొనుటకు మాకు దూరము పోనక్కఱలేదు, బందరుకోట చాలును. రివాల్వరు పుట్టుటకు డెబ్బదియేడేండ్ల ముందు, 1759 మార్చినెలలో కర్నలు ఫ్రాన్సిస్ ఫోర్డు అను ఆంగ్లసేనాని, కాన్‌ఫ్లాన్ అను ఫ్రెంచివాడు కాచుచుండిన ఆ కోటను ముట్టడించెను. చుట్టును చిత్తడినేల. లోపలివారి సంఖ్య వెలుపలివారికంటె మిక్కిలి. ఫ్రెంచివారి పక్షమున నైజామగు సలాబతుజంగు పెద్దసైన్యముతో బెజవాడదాక వచ్చి కూర్చుండెను. ఏప్రిలు 7 న ఫిరంగుల అధికారి ఫోర్డునకు విన్నవించిన దేమనగా, ఇక రెండుదినముల కాల్పులకు మాత్రమే మందు మిగిలియున్నదని. వెనుకకు మరలుటకు దారి లేదు, ముందుకు పోవుటకు మందు లేదు. ఫోర్డు ఉన్న మందునంతయు ఆ పగలు ఫిరంగులతో కాల్పించి, ఆ రాత్రియే కోటపై పడుటకు నిశ్చయించెను. మిగిలిన మందు కొలతయే యుద్ధముహూర్తమును పెట్టినది.

ఆ రాత్రి జరిగిన వానిలో నేను మఱవలేనిది కాప్టెను యార్కు సంగతి. అతని పటాలము గోడ యెక్కి, బురుజు తరువాత బురుజు పట్టుకొనుచు పోవుచుండెను. అంతలో ఒక సైనికుడు దారిలో మందు నిలువచేసిన చిన్న కొట్టును చూచి, అది తమ్ము పేల్చివేయుటకు పన్నిన సొరంగమని తలంచి కేకవేసెను. ఎదురుగుండ్లకు బెదరని సేన ఆ ఒక్క కేకతో వెనుకకు పరుగెత్తినది. అక్కడ యార్కును, ఇద్దఱు బాలురును మాత్రము మిగిలిరి. ఆ బాలురు తప్పెటలు కొట్టువారు. యార్కు నిలిచియే యుండెను. బాలురు దాడిదరువు వాయించుచునే యుండిరి. పారిపోయినవారు సిగ్గుపడి కొందఱు మరలి వచ్చిరి. ఆ వెంటనే ఎదుటి ఫిరంగినుండి వచ్చిన దెబ్బకు యార్కు రెండు తొడలును గాయపడెను. ఆ బాలు రిద్దఱును అక్కడనే మరణించిరి. వారి పేర్లు చరిత్రకారులు వ్రాయలేదు. తెల్లవాఱుసరికి కోట ఆంగ్లేయుల వశమయ్యెను. మే 14 న సలాబతుజంగు చేసిన ఒడంబడికతో ఈ సీమ వారి చేతికి పోయెను. ఆ కొట్టులోని మందు పేలలేదు. పేలకయే ఒక పటాలమును పరుగెత్తించినది. చాలకయే ఒక సేనానిని గోడలపైకి తఱిమినది. నమ్మికను గూర్చి మాటాడునపుడు ఇనుమును మాత్రమే చూచువారు ఈ రాత్రిని ఒకమాఱు తలపోయవలెను.

దాదాపు నూఱేండ్లకు, 1857 సిపాయిల తిరుగుబాటు నాటికి, దొరల చేతులలో రివాల్వరులుండెను. అప్పుడు రెండు ప్రశ్నలకు తోడు మూడవది పుట్టినది: తగిలినవాడు ఆగునా? కోల్టు నేవీ గుండు .36 అంగుళముల వెడల్పు, అయిదు గ్రాములకు కొంచెము పై బరువు. గురి చక్కనిది గాని గుండు చిన్నది. ఆడమ్సు తుపాకి గుండు పౌనుకు 54 చొప్పున తూగునది, అనగా ఎనిమిది గ్రాములకు పైబడినది. మొదటి ఆడమ్సునకు సుత్తి నెక్కుపెట్టు వీలు లేదు. మీటను గట్టిగా లాగుటతోనే సిలిండరు తిరిగి, సుత్తి లేచి, పడి, పేలును. దగ్గఱి పోరున అది వేగము. దూరపు గురికి అది చేటు, చేయి కదలును గనుక. 1856 లో బోమాంట్ అను సైనిక ఇంజనీరు రెండు విధములకును వీలగునట్లు దానిని సవరించెను. ఆంగ్లసైన్యము దానిని స్వీకరించెను. కత్తి దూసి మీదికి వచ్చు సిపాయిని చిన్నగుండు ఆపదనియు, పెద్దగుండు ఆపుననియు, ఆ తిరుగుబాటు రోజులనాటి సైనికాధికారుల యనుభవములను సాక్ష్యముగా చూపుచు, ఇంగ్లాండులో వాదములు జరిగెను. ఈనాటికిని ఆయుధచరిత్ర గ్రంథములలో ఆ వాదము చదువుదుము.

నేను దానిని ప్రశాంతముగా చదువలేను. గుండు నమ్మదగినదా కాదా యను పరీక్ష జరిగినది మన సిపాయిల వక్షఃస్థలములమీద. 1857 జూలై 17 న హైదరాబాదు రెసిడెన్సీపైకి తుర్రేబాజుఖాను వెంట నడిచిన రోహిల్లాలు, ఉత్తరమున కాల్బలములై నేల కొఱగిన సిపాయిలు ఆ గ్రంథములలో మనుష్యులుగా కనబడరు. గుండు పనితనమునకు కొలబద్దలుగా కనబడుదురు. ఆగక ముందుకు వచ్చిన సిపాయి ధైర్యము అక్కడ తుపాకి లోపముగా లెక్కింపబడినది. ఆ పిమ్మట 1878 లో ఆయుధముల చట్టము వచ్చినది. అనుమతి లేక భారతీయుడు ఆయుధము పట్టరాదని శాసించినది. ఆయుధమును నమ్మినవారు మనుష్యులను నమ్మలేదు. రివాల్వరు కౌశలమును ఎంత మెచ్చుకొన్నను ఈ మాటను విడిచి ముందుకు సాగుట నాకు సాధ్యము కాదు.

నేడు ఈ ఆయుధములు చరిత్రవస్తువులు. జమీందారీలు వెలసి, 1948 నాటి శాసనముతో అంతరించిన యీ కృష్ణాసీమలో పాతయిండ్ల అటకలమీద, బోషాణముల అడుగున ఏమేమి యుండునో చెప్పలేము. ఒకప్పుడు ఒక పాతతుపాకి బయటపడినచో, తుప్పుపట్టినది గదా యని పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇచ్చుట గాని, గరుకుకాగితముతో రుద్ది మెఱుగుపెట్టుట గాని జరుగును. నా ఆవేదన యిక్కడనే. నల్లమందు చెమ్మ తగులక, అర నోరు మైనముతో మూసియుండినచో, నూఱేండ్లు దాటినను చావదు. సావధానముగా దట్టించినవాడు మట్టిలో కలిసిపోయియుండును. అతని సావధానత మాత్రము ఆ అరలో ఇంకను మేలుకొని యుండవచ్చును. టోపి లేకపోయినను వేడికిని, నిప్పురవ్వకును అది లేచును. నమ్మరానిదని మనము త్రోసివేసిన వస్తువు మన నమ్మకమునకు విరుద్ధముగా తన పని తాను చేయగలదు. అటువంటిదానిని కాల్చి చూడవలెనను కుతూహలము మఱింత కీడు: పైకి కనబడని బీటలు పాతయినుములో నుండును, నేటి పొగలేని మందు దానిలో పోసినచో ఆ యొత్తిడికి సిలిండరు పగిలి చేతులు పోవును.

చట్టమును కూడ తెలిసియుండుట మంచిది. 1959 నాటి ఆయుధముల చట్టము 45 వ విభాగము ప్రకారము, పాతకాలపుది గాని పురావస్తువిలువ గలది గాని యగు ఆయుధము, మరమ్మతు చేసినను చేయకపోయినను తుపాకిగా వాడుటకు వీలులేనిదైననే అనుమతిపత్రమునుండి మినహాయింపు పొందును. వాడుటకు వీలున్నచో ఎంత పాతదైనను అనుమతి కావలసినదే. కాబట్టి ఈ ప్రాంతపు గృహస్థులకు నా మనవి యిది. అట్టి వస్తువు దొరకినచో అది నిండియున్నదనియే తలంపుడు. దానిని విప్పవద్దు, రుద్దవద్దు, నిప్పుదగ్గఱకు తేవద్దు; గొట్టమును ఎవరివైపును త్రిప్పవద్దు. పోలీసుఠాణాకు తెలియజేసి, తెలిసిన నిపుణులచేత అరలు ఖాళీ చేయించి, బెజవాడలోని బాపూ వస్తుప్రదర్శనశాలకో హైదరాబాదులోని రాష్ట్ర వస్తుప్రదర్శనశాలకో ఇప్పింపుడు. అది ఏ యింటిది, ఎవరు వాడిరి, ఎప్పటినుండి యున్నది యను సంగతులను మీకు తెలిసినంతవఱకు ఒక కాగితముపై వ్రాసి దానితో పంపుడు. ఆ కాగితము లేనిచో, యార్కు వెంట నిలిచి మరణించిన ఆ బాలురవలె, దాని చరిత్రయు పేరులేనిదై పోవును.